‘ఊరెళ్లిపోతా మామ’ పాటని పటాన్‌చెరు నుంచి వింటే

ఇవాళ ఒక బ్యాండ్ గురించి మాట్లాడుకుందాం. పేరు చౌరస్తా. పేరు గుర్తుకు రాకపోయినా పాట మీకు తెలుసు. 2020లో చేతులు కలపొద్దు, దండం పెట్టండి అంటూ ఫోన్ ఫోన్‌కీ తిరిగిన ‘చేయి చేయి కలపకురా’ వాళ్లదే.

పేరే నాకు భలే ఇష్టం. ఆంధ్రా సైడ్ సెంటర్ అంటారు, జంక్షన్ అంటారు. మన దగ్గర చౌరస్తా. సంగారెడ్డిలో పోతిరెడ్డిపల్లి చౌరస్తా అంటే బస్సు దిగే చోటు, అడ్డా కూలీలు నిలబడే చోటు, ఎటు పోవాలో తేల్చుకునే చోటు. హైదరాబాద్‌లో పుట్టిన బ్యాండ్‌కి ఆ పేరు బాగా కుదిరింది.

రామ్ మిర్యాల, యశ్వంత్ నాగ్, ఇంకొంతమంది ఫ్రెండ్స్. చేతిలో సినిమా లేదు. పాటలు కట్టుకుని యూట్యూబ్‌లో పెట్టారు. 2018, 19 ప్రాంతంలో ‘మాయ’, ‘ఊరెళ్లిపోతా మామ’ జనంలోకి వెళ్లాయి. సౌండ్ ఏంటంటే మన జానపదం ప్లస్ రెగే. రెగేలో గిటార్ దెబ్బ తాళం మీద పడదు, తాళానికీ తాళానికీ మధ్యలో పడుతుంది. అందుకే వింటుంటే ఒళ్లు కొంచెం ఊగుతుంది.

రెగే అనగానే బాబ్ మార్లే టీషర్ట్ గుర్తొస్తుంది కదా. ఆ టీషర్ట్ వేసుకునేవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మార్లే జమైకాలో ఒక పల్లెటూరివాడు. చిన్నప్పుడే కింగ్‌స్టన్ బస్తీకి వచ్చి వెల్డింగ్ పని నేర్చుకున్నాడు. తర్వాత అమెరికాలోని డెలావేర్‌లో క్రిస్లర్ కార్ల ప్లాంట్‌లో పనిచేశాడు. 1976 ఆల్బమ్‌లో ‘నైట్ షిఫ్ట్’ అని ఆయన పాటే ఉంది. అంటే ఆ సంగీతానికి మన పాశమైలారం, బొల్లారం కొత్త కాదన్నమాట. ఊరు వదిలొచ్చి షిఫ్టులు చేసినోళ్ల సంగీతమే అది.

ఇక ‘ఊరెళ్లిపోతా మామ’. ఒకడు సిటీ మీద విసుగొచ్చి ఊరెళ్లిపోతా అంటాడు. మామూలుగా అయితే అక్కడి నుంచి పచ్చని పొలాలు, అమ్మ చేతి ముద్ద, చెరువు గట్టు మొదలవ్వాలి. ఇక్కడ అలా జరగదు. పక్కనున్నోడు ఎదురు ప్రశ్న వేస్తాడు: ఏ ఊరు మామా? నువ్వు చెప్పే ఊరు ఇంకా ఉందా? పాట బలం మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. పటాన్‌చెరు చుట్టుపక్కల పుట్టినోళ్లకి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. వేరేవాళ్లు తమ ఊరు వదిలి ఇక్కడికొచ్చారు. ఇక్కడివాళ్లు ఊరు వదల్లేదు, ఊరే మారిపోయింది. నక్కవాగు నీళ్లు తాగిన ముచ్చట మీ తాతల దగ్గర వినాల్సిందే. కంపెనీల వ్యర్థాలు కలిశాక ఆ వాగు ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు.

2020 ఏప్రిల్ 29న ఆ పాట నిజంగానే మన జిల్లాలో రోడ్డెక్కింది. కందిలో ఐఐటీ క్యాంపస్ కడుతున్న వలస కార్మికులు, వేరే రాష్ట్రాలోళ్లు, లాక్‌డౌన్‌లో ఇరుక్కుపోయారు. జీతాలివ్వండి, మమ్మల్ని ఊరికి పంపండి అన్నారు. పోలీసులతో గొడవ దాకా వెళ్లింది. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకి రైలు కదిలింది. 24 బోగీలు, దాదాపు 1,200 మంది. లాక్‌డౌన్‌లో దేశం మొత్తంమీద వలస కార్మికుల కోసం కదిలిన మొదటి స్పెషల్ ట్రైన్ అదే. వాళ్లకి తెలుగు పాట తెలిసి ఉండదు, కానీ అడిగింది మాత్రం అదే.

తర్వాత బ్యాండ్ సంగతి. రామ్ బయటికొచ్చేశాడు. 2021 మార్చిలో ‘జాతిరత్నాలు’ వచ్చింది. అందులో ‘చిట్టి’ పాడింది ఆయనే. హీరో ఎవరు? జోగిపేట శ్రీకాంత్, లేడీస్ ఎంపోరియం వాళ్లబ్బాయి, మన సంగారెడ్డి జిల్లానే! 2022లో డీజే టిల్లు టైటిల్ సాంగ్ ఆయనే కట్టాడు, ఆయనే పాడాడు. మన ఏరియాలో ఆ పాట మోగని బారాత్ ఉందా చెప్పండి.

సినిమాకి అమ్ముడుపోయాడు అనే టైప్ మాట నేను అనను. గిటార్ తీగలకీ, రూమ్ రెంట్‌కీ డబ్బు కావాలి. తెలుగులో పాటకి ఆ డబ్బు ఎక్కువగా సినిమా నుంచే వస్తుంది. పైగా ‘చిట్టి’ నేనూ వంద సార్లు విన్నా. నా బాధ వేరే.

2023లో ‘బలగం’ సినిమాలో ‘ఊరు పల్లెటూరు’ వచ్చింది. మంగ్లీ, రామ్ మిర్యాల పాడారు. కాసర్ల శ్యామ్‌కి ఆ పాటకే నేషనల్ అవార్డు వచ్చింది. అందమైన పాట, అవార్డుకి తగిన పాట. కానీ అందులో ఊరు అలాగే ఉంది, పొద్దున్నే లేస్తుంది, అందరినీ పలకరిస్తుంది. అదే గొంతు నాలుగైదేళ్ల ముందు పాడిన పాటలో ఊరి మీద అనుమానం ఉంది. హాల్లో కూర్చున్నోడికి ఆ అనుమానం ఇవ్వడానికి నిర్మాత జంకుతాడు. సొంత ఛానల్‌లో పాట పెట్టుకునే బ్యాండ్‌కి ఆ జంకు లేదు.

మరి మన బెల్ట్ నుంచి అలాంటి బ్యాండ్ ఎందుకు రావట్లేదు? టాలెంట్ లేక కాదు. రూమ్‌లో నలుగురుంటే నలుగురివీ వేర్వేరు షిఫ్టులు, ప్రాక్టీస్‌కి కలిసేదెప్పుడు? హైదరాబాద్‌లో షో చూద్దామన్నా అది అయిపోయేసరికి తిరుగు బస్సు ఉండదు. మనకి స్టేజ్ అంటే ఫోనే. ఆ నలుగురిలో ఒకడు ఒడిశా, ఒకడు బిహార్, ఒకడు నారాయణఖేడ్ అయితే పాట ఏ భాషలో ఉంటుందో నాకు వినాలని ఉంది. అలాంటి పాట మీ రూమ్‌లో ఎవరి ఫోన్‌లోనైనా రికార్డ్ అయి ఉంటే పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో ముందు అదే వినిపిస్తా. ఉంటా మరి.