మధుసేవనము: పాత్రత, పరిమితి, వివేకము



శ్రీశైల మహాక్షేత్రమున మల్లికార్జునస్వామి సన్నిధిలో కొలువైన జగన్మాతకు భ్రమరాంబ అని పేరు. రెండు కాళ్ల ప్రాణివలన గాని, నాలుగు కాళ్ల ప్రాణివలన గాని తనకు మరణము రాకూడదని వరము పొందిన అరుణాసురుని, అమ్మవారు ఆరు కాళ్ల భ్రమరములను సృజించి సంహరించినదని పురాణగాథ. ఆ తల్లి వెలసిన నల్లమల అడవులలోనే చెంచు సోదరులు తరతరాలుగా కొండచరియలపై త్రాళ్లతో దిగి తేనెపట్టులనుండి తేనె సేకరించుచున్నారు. ఇక ఈగ శ్రమ చెప్పనలవి కాదు. ఒక తేనెటీగ తన జీవితమంతా పాటుపడినను కూడబెట్టగలిగినది చెంచాలో సుమారు పన్నెండవ వంతు మాత్రమే. అట్టి పదార్థమును మనము ఎంత గౌరవముతో, ఎంత వివేకముతో స్వీకరింపవలెనో నేడు ముచ్చటించుకొందము.

మన ఆచారములలో తేనె లేని శుభకార్యము అరుదు. పాలు, పెరుగు, నెయ్యి, చక్కెరలతో తేనె చేరినప్పుడే అభిషేకమునకు పంచామృతము సిద్ధించును. వివాహవేళ వరునికి పెరుగు, నెయ్యి, తేనె కలిపి ఇచ్చునది మధుపర్కము. ఆ సమయమున కట్టుకొను వస్త్రములకు సైతము మన తెలుగునాట ఆ పేరే నిలిచిపోయినది.

ఆయుర్వేదము తేనెను యోగవాహి అన్నది. అనగా తనతో కలిసిన ఔషధముయొక్క గుణమును దేహమునకు చేరవేయునది. సుశ్రుతుడు తేనెలో ఎనిమిది భేదములు చెప్పినాడు. అంత ప్రశంసించిన ఆ శాస్త్రమే హెచ్చరికలు కూడ చేసినది. తేనెను కాచరాదనియు, నెయ్యి తేనెలను సమానభాగములుగా కలిపి సేవింపరాదనియు విధించినది. అమృతతుల్యమైన వస్తువునకు సైతము హద్దు ఉండునని మన పెద్దలు ఏనాడో గ్రహించిరి.

నేటి విజ్ఞానము ఏమనుచున్నది? తేనెలో నూటికి సుమారు 80 పాళ్లు చక్కెరలు, 17, 18 పాళ్లు నీరు. నీరు తక్కువగా, ఆమ్లగుణము ఎక్కువగా ఉండుటచే అందులో సూక్ష్మక్రిములు పెరుగజాలవు. కనుకనే తేనె ఏండ్ల తరబడి నిలువయుండును. ఏడాది నిండిన పిల్లలకు, పెద్దలకు జలుబుతో వచ్చు దగ్గును తేనె కొంత ఉపశమింపజేయును. బ్రిటన్ దేశపు వైద్య మార్గదర్శకములు 2018లో ఈ గృహవైద్యమును అంగీకరించినవి. పుండ్లకు వైద్యులు వాడు తేనె వేరు. అది క్రిమిరహితముగా శుద్ధి చేసినది. ఇంటి సీసాలోని తేనెను గాయములపై పూయరాదు.

ఇక నేను ముఖ్యముగా మనవి చేయదలచిన విషయము. తల్లులారా, అమ్మమ్మలారా, నాయనమ్మలారా! దయతో ఆలకింపుడు.

పురిటిబిడ్డ నాలుకకు తేనె రాయుట, వస అరగదీసి తేనెతో నాకించుట మన ఇండ్లలో ప్రేమతో చేయు పనులే. కాని ఏడాది నిండని శిశువునకు తేనె ఒక్క చుక్కయైనను పెట్టరాదు. మట్టిలోను ధూళిలోను ఉండు క్లాస్ట్రీడియం బొటులినమ్ అను క్రిమియొక్క బీజములు కొన్ని తేనెలలో చేరియుండవచ్చును. పెద్దల ప్రేగులలో అవి మొలకెత్తజాలవు. పసివాని ప్రేగులు ఇంకను పక్వము కానందున అచ్చట అవి మొలకెత్తి, నరములను స్తంభింపజేయు విషమును పుట్టించును. వైద్యలోకము ఈ శిశువ్యాధిని 1976లో గుర్తించినది. మొదట మలబద్ధకము, పిదప పాలు చీకలేకపోవుట, ఏడుపు సన్నగిల్లుట, కనురెప్పలు వ్రాలుట, మెడ నిలువక ఒడలు మెత్తబడుట దాని లక్షణములు. ముదిరినచో శ్వాస ఆగును. ఈ చిహ్నములు కనిపించిన వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. సకాలమున చికిత్స అందిన బిడ్డలలో అత్యధికులు కోలుకొందురు. ఇంటిలో మరగించుటచే ఆ బీజములు చావవు. అడవి తేనె గదా, స్వచ్ఛమైనది గదా అనుటయు ఇచ్చట రక్ష కాదు.

అట్లయిన జాతకర్మ మాటేమి అని కొందరు అడుగవచ్చును. శిశువు ఆయురారోగ్యములతో వర్ధిల్లవలెననియే ఆ సంస్కారము. బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చు పనిని ఆ సంస్కారము కోరదు. మీ పురోహితులతో సంప్రదించి, మంత్రము యథావిధిగా జరిపించి, తేనెను నోటికి తాకింపక ఊరకొనుడు. బిడ్డకు తొలి అమృతము తల్లి ముర్రుపాలే. ఆరు మాసములు తల్లిపాలు దక్క మరేదియు వలదని వైద్యుల మాట. అన్నప్రాశన పాయసములోను తేనె కలుపకుడు. ఆలయమున పంచామృత తీర్థము ఇచ్చునప్పుడు చంకలోని పసివానికి నోట పోయింపక, మీరు స్వీకరించి బిడ్డ శిరస్సుపై చేయి ఉంచుడు. స్వామి అనుగ్రహమునకు లోటుండదు. పాలిచ్చు తల్లి తేనె తినుటవలన బిడ్డకు హాని లేదు.

మధుమేహమున్నవారు తేనెను ఔషధమని భ్రమింపరాదు. అదియు చక్కెరయే. చిన్న చెంచాడు తేనెలో సుమారు 20 కాలరీల శక్తి ఉన్నది. వైద్యుడు విధించిన లెక్కలో దానిని చేర్చుకొనవలెను. పుప్పొడి, రాయల్ జెల్లీ సర్వరోగనివారిణులని అమ్మువారున్నారు. ఉబ్బసము, అలర్జీ గలవారికి అవి ప్రాణాపాయము తెచ్చిన సందర్భములు కలవు. వారు వైద్యుని అడుగక తాకరాదు.

కల్తీ విషయము కూడ తెలిసియుండుట మంచిది. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ 13 బ్రాండ్ల తేనెను పరీక్షింపజేయగా, అన్ని పరీక్షలకు నిలిచినవి 3 మాత్రమే. నీటిలో చుక్క వేయుట, వత్తి ముంచి వెలిగించుట వంటి పరీక్షలు నేటి కల్తీని పట్టజాలవు. తేనె పేరుకొన్నంత మాత్రమున కల్తీయని పారవేయవలదు. స్వచ్ఛమైన తేనెయు చలికి గడ్డకట్టును. సీసాను గోరువెచ్చని నీటిలో ఉంచిన కరగును.

భాగవతమున అవధూత తన ఇరువదినలుగురు గురువులలో తేనెటీగను కూడ పేర్కొన్నాడు. పూవును నొప్పింపక కొంచెము కొంచెముగా గ్రహించుట దాని నుండి నేర్వదగిన మొదటి పాఠము. మితిమీరి కూడబెట్టినది పరుల పాలగునన్నది రెండవ పాఠము. తేనె విషయమున మనకు కావలసినదియు ఆ మితమే. ఎవరికి, ఎప్పుడు, ఎంత అని తెలిసి స్వీకరించిన తేనె అమృతము. ఈ మాట మీ ఇంట, మీ వాడలోని ప్రతి బాలింతరాలి చెవిని వేయుడు. ఒక్క పసిప్రాణము నిలిచినను అది భ్రమరాంబకు చేసిన అర్చనయే యగును.

స్వస్తి.