అడ్మిషన్ రిజిస్టరులో పేరున్న వాళ్లందరూ

(సంఘం స్వర్ణోత్సవ సభలో ఉదయం పూట చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'బడి విడిచాక బడికి సేవ'. సేవ అన్న మాట నాకు కాస్త బరువుగా తోస్తుంది. పోస్టాఫీసు కౌంటరులో ముప్ఫై ఏళ్లకు పైగా కూర్చున్నదాన్ని. నాకు తెలిసిందల్లా ఎదురుగా వచ్చిన మనిషి పని చేసి పంపడం. అందుకని సేవ గురించి కాకుండా, మన సంఘం తరఫున పదకొండేళ్లుగా నడుస్తున్న సాయంత్రం చదువు గురించి చెబుతాను. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో మనం తేల్చాల్సిన ఒక విషయం ఉంది. అది కూడా అందులోనే వస్తుంది.

ఆడపిల్లల బడికి పూర్వ విద్యార్థుల సంఘం నడపడం మగపిల్లల బడికి నడిపినట్టు కాదు. వాళ్లు ఎక్కడున్నా ఇంటిపేరు అదే, ఊరు అదే. పండక్కి వస్తారు, రచ్చబండ దగ్గర దొరుకుతారు. మనకు పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఒక్కోసారి పేరే మార్చేస్తారు. బడి రిజిస్టరులో ఉన్న పిల్ల ఎక్కడుందో చెప్పేవాళ్లు ఉండరు. మన సంఘం మొదటి కార్యదర్శి గారు జాకెట్లు కుట్టే ఆమెను, గాజుల దుకాణం ఆమెను అడిగి పేర్లు రాసుకునేవారు. ఆడవాళ్ల చిరునామా పోస్టాఫీసు కంటే వాళ్లకే ఎక్కువ తెలుసని అనేవారు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు కొంచెం కష్టమే గానీ, నిజం. నన్ను పర్చూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో పట్టుకున్నది కూడా అలాగే, ఒక పెళ్లిలో.

ఇక చదువు సంగతి. మన నేలలో పని ఎలా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ముందు వరుసలో పిల్లలకైతే అసలే అక్కర్లేదు. దసరా దాటితే పత్తి తీతలు. సంక్రాంతి దాటితే మిరప కోతలు. కోత ఒక్కసారితో అయ్యేది కాదు. పండినవి పండినట్టు రెండు మూడు కోతలు కోయాలి, కల్లంలో ఆరబోయాలి, తాలుకాయ ఏరాలి, టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకు పంపాలి. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వచ్చి గుడారాలు వేసుకున్నా చేతులు చాలవు. కూలి రేటు ఏడాది మొత్తంలో ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. పదో తరగతి పరీక్షలు ఈ మధ్య మార్చి మూడో వారంలో మొదలవుతున్నాయి. అంటే పరీక్షకు కూర్చుని చదవాల్సిన యాభై అరవై రోజులూ, ఇంట్లో రెండు చేతులు ఎక్కువుంటే నాలుగు డబ్బులు కళ్లజూసే యాభై అరవై రోజులూ ఒకటే.

చట్టం లేదా అని అడుగుతారు. ఉంది. 2009 విద్యా హక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలకు. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. పద్నాలుగు నుంచి పద్దెనిమిది మధ్య వాళ్లకు ప్రమాదకరమైన పనులు మాత్రమే నిషేధం. పదో తరగతి పిల్లకు పదిహేను. చదువు విషయంలో చట్టం చేయి వదిలేసే వయసు సరిగ్గా అది. పెళ్లి విషయంలో మాత్రం పద్దెనిమిది దాకా పట్టుకునే ఉంటుంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల వయసున్న ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. మానేసిన పిల్ల ఒక ఏడాది కోతకు వెళ్తుంది, మరుసటి ఏడాది సంబంధం చూస్తారు. ఇదీ వరస.

అందుకే సాయంత్రం చదువు. సంక్రాంతి సెలవులయ్యాక మొదలుపెట్టి పరీక్షలు అయ్యేదాకా, నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు, మన పాత తొమ్మిదో తరగతి గదిలో. మేము పాఠాలు చెప్పం. పాఠాలకు టీచర్లున్నారు, వాళ్ల పనిలో మనం వేలు పెట్టకూడదు. మేము కూర్చుంటాం, అంతే. పిల్ల చదువుతుంటే ఎదురుగా ఒక పెద్దమనిషి కూర్చోవడం ఎంత పనో, ఇంట్లో ఆ అవకాశం లేని పిల్లకే తెలుస్తుంది. ఇంట్లో ఉంటే పుస్తకం తీయగానే తమ్ముణ్ణి ఎత్తుకోమంటారు, నీళ్లు పట్టమంటారు. తప్పు పట్టడం లేదు. పొద్దున్నుంచి చేలో వంగి వచ్చిన తల్లి ఎవరికి చెప్పుకుంటుంది మరి?

రెండు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. హెడ్‌మిస్ట్రెస్ గారి అనుమతి కాగితం మీద ఉండాలి. ఏ సాయంత్రమైనా మనవాళ్లు ఇద్దరికి తగ్గకూడదు. పిల్లల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టకూడదు. దీని మీద ఒకరిద్దరు అలిగారు, అయినా సరే. చీకటి పడేవేళ ఏ పిల్లా ఒంటరిగా ఇంటికి పోకూడదు. ఉడకబెట్టిన శనగలో, వేరుశనగ ఉండో పెడతాం. ఖాళీ కడుపుతో ఆల్జీబ్రా ఎక్కదు.

ఇంకో చిన్న పని ఉంది. ఎవరికీ కనబడదు గానీ నా దృష్టిలో అదే పెద్దది. నామినల్ రోల్స్ పంపే ముందు టీచర్ల పక్కన కూర్చుని, ప్రతి పిల్ల పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిచూస్తాం. పదో తరగతి మెమోలో ఒక్క అక్షరం తేడా వస్తే ఆ పిల్ల జన్మంతా ఆఫీసుల చుట్టూ తిరగాలి. కౌంటరు అవతల నిలబడి అలా తిరిగిన ఆడవాళ్లను నేను ఎంతమందిని చూశానో. సంఘంలో ఉద్యోగ విరమణ చేసిన గుమాస్తాలు చాలామందే ఉన్నారు. ఈ పనికి పాటకచేరీల వాళ్లకంటే మనమే నయం.

ఇప్పుడు అసలు విషయం. మొదటి రెండేళ్లూ పిల్లలు సరిగా నిలవలేదు. తల్లిదండ్రుల ఇళ్లకు వెళ్లాం, బతిమాలాం. 'అట్టాగేనమ్మా' అనేవాళ్లు. మర్నాడు తెల్లవారుజామున ఆటోలో పిల్ల చేలోకి వెళ్లిపోయేది. మూడో ఏడాది ఒకామె మా దగ్గరికి వచ్చింది. కూలీల ముఠాకు మేస్త్రి. పాతిక ముప్ఫై మంది ఆడవాళ్లను పోగేసి, ఆటోలు మాట్లాడి, రైతుతో రేటు తేల్చి కోతకు తీసుకెళ్తుంది. గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, 'ఈ గదిలో రెండో బల్ల నాదేనండీ' అంది. తొమ్మిదో తరగతి సగంలో మానేసిందట. వాళ్ల నాన్న పత్తి వేసి నష్టపోయిన ఏడు. అప్పట్లో ఈ ప్రాంతంలో పత్తి ఎంతమంది రైతుల ప్రాణం తీసిందో మన వయసు వాళ్లందరికీ గుర్తే.

ఆమె మాతో కూర్చుని పదో తరగతి పిల్లల పేర్లన్నీ రాయించుకుంది. ఆమెకు చదవడం బాగానే వచ్చు. తరువాత తన ఆటోల్లో ఆ పిల్లల్ని ఎక్కించుకోవడం మానేసింది. తల్లులు అడిగితే, 'పరీక్షలయ్యాక తీసుకుపోతా, అప్పటికీ కాయ ఉంటది, ఎక్కడికీ పోదు' అనేది. మిగతా మేస్త్రులతోనూ మాట్లాడింది. ముగ్గురు ఒప్పుకున్నారు, ఒకరు ఒప్పుకోలేదు. ఆ ఏడాది చివరిదాకా నిలిచిన పిల్లల్ని చూసి మా హెడ్‌మిస్ట్రెస్ గారే ఆశ్చర్యపోయారు. మేము రెండేళ్లు ఇళ్లకు తిరిగి సాధించలేనిది ఆమె ఆటో దగ్గర నిలబడి సాధించింది.

మరుసటి ఏడు ఆమెను సంఘంలో చేర్చుకుందామని నేను దరఖాస్తు రాయించాను. నిబంధన ప్రకారం కుదరదన్నారు. మన నియమావళిలో సభ్యత్వం 'ఈ పాఠశాల నుండి ఉత్తీర్ణులైన వారికి' అని ఉంది. రాసినవాళ్లు చెడ్డ ఉద్దేశంతో రాశారని నేను అనుకోను. యాభై ఏళ్ల కిందట పది పాసవడమే ఆడపిల్లకు పెద్ద పండగ. ఆ పండగ జ్ఞాపకంగా రాసుకుని ఉంటారు. కానీ దాని వల్ల ఏమయింది? మనతోపాటు ఆరో తరగతిలో చేరి, మనతోపాటు ప్రార్థనలో నిలబడి, మధ్యలో చేలోకో కాపురానికో వెళ్లిపోయిన వాళ్లందరూ లెక్కలో లేకుండా పోయారు. ఈ ఊళ్లో ఇంకా ఉన్నది ఎక్కువగా వాళ్లే. పాసైన మనం హైదరాబాదుకో, బెంగళూరుకో, డాలస్‌కో వెళ్లాం.

డాలస్ అంటే గుర్తొచ్చింది. మా తరగతి స్నేహితురాలి కూతురు అక్కడి కాలేజీలో సొరోరిటీలో చేరింది. అమ్మాయిల సంఘాలు, గ్రీకు అక్షరాలే పేర్లు. చదువైపోయినా సభ్యత్వం పోదట. 1908లో హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు పెట్టుకున్న ఆల్ఫా కప్పా ఆల్ఫాకు చదువు ముగించిన వాళ్ల శాఖలు ఊరూరా ఉన్నాయి, పిల్లల చదువుకు పనిచేస్తాయి. బాగుంది. అయితే అక్కడా లోపలికి రావడానికి ముందు కాలేజీ గుమ్మం దాటాలి. మన వైపు వెనకటి వాళ్లు ఇంకోలా ఆలోచించారు. 1922లో ఉన్నవ దంపతులు గుంటూరులో శారదా నికేతనం పెట్టింది చదువుకు దారి లేని ఆడపిల్లల కోసం. 1931లో బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మ గారు పెట్టిన స్త్రీ హితైషిణీ మండలిలో చేరడానికి పరీక్ష పాసవ్వాలన్న షరతు ఉన్నట్టు నేనెక్కడా చదవలేదు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయమ్మ అయితే, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్కు తయారుచేయడాన్నే పనిగా పెట్టుకున్నారు.

అందుకని మధ్యాహ్నం నేను పెట్టబోయే తీర్మానం ఒక్క వాక్యం. 'ఉత్తీర్ణులైన వారికి' అన్న చోట 'పాఠశాల అడ్మిషన్ రిజిస్టరులో పేరున్న వారందరికీ' అని మార్చాలి. చందా కట్టలేని వాళ్లకు చందా ఉండకూడదు. కొందరు ఇప్పటికే అడిగారు, సంఘం స్థాయి తగ్గదా అని. ఆ పదకొండేళ్ల హాజరు పుస్తకం వెనక బల్ల మీద పెట్టాను. ఏ ఏడాది నుంచి పిల్లలు నిలవడం మొదలుపెట్టారో తిరగేసి చూసి, తరువాత చేయెత్తండి.

స్వర్ణోత్సవ ఆర్చి గురించి కూడా ఒక మాట. దాతల పేర్లతో పాలరాయి ఆర్చి కట్టాలని కమిటీ అనుకుంటోంది. కట్టుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. గేటు ఎలాగూ వంగిపోయింది. విదేశాల్లో ఉన్న చెల్లెళ్లు పంపే డబ్బుతో ఆర్చి వస్తుంది, ఆటో ఖర్చూ శనగలూ వస్తాయి. సాయంత్రం నాలుగున్నరకు వచ్చి కూర్చునే మనిషి మాత్రం డబ్బుతో రాదు. మొదట్లో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. ఇద్దరు కాలం చేశారు, ఒకరికి మోకాళ్లు, మరొకరిని కొడుకు పూణే తీసుకెళ్లాడు. మిగిలింది నలుగురం, అందరం అరవై దాటినవాళ్లమే. వారానికి ఆరు సాయంత్రాలు, రోజుకు ఇద్దరు. పన్నెండు మంది కావాలి. ఇద్దరి కట్టుబాటు నేను సడలించను. కాబట్టి మనుషులు చాలకపోతే గది తీయం.

ఊళ్లో లేనివాళ్లకూ పని ఉంది. పండక్కి పుట్టింటికి వచ్చినప్పుడు రెండు సాయంత్రాలు చాలు. లేదా వారానికొకసారి ఫోనులో, పది ఫెయిలై మానేసిన పిల్లతో మాట్లాడి సప్లిమెంటరీకో, ఓపెన్ స్కూలుకో ఫీజు కట్టించేదాకా వెంటపడండి. ఆ పిల్లల జాబితా నా దగ్గర ఉంది, అడిగినవాళ్లకు ఒక్కొక్క పేరే ఇస్తాను. ఎక్కువ తీసుకుంటే ఎవరూ చేయరు.

ముందు వరుసలో పిల్లలూ, మీకు ఒకటే. మేమంతా మీకు అక్కలమే, నాకు తెల్లజుట్టు ఉన్నా సరే. అమ్మమ్మా అన్నవాళ్లకు శనగలు పెట్టను.

వారాల వారీగా గళ్లు గీసిన కాగితం హాజరు పుస్తకం పక్కనే ఉంది, పెన్ను దారంతో కట్టి ఉంది. సోమవారం, గురువారం గళ్లలో ఒక పేరు ఇప్పటికే రాసి ఉంటుంది. అది మేస్త్రి చెల్లెలిది, పొద్దున్నే కోతకు వెళ్లే ముందు వచ్చి రాసి వెళ్లింది. ఆమె పక్కన కూర్చునేవాళ్లు ఆ గడిలో మీ పేరు రాయండి. భోజనాలు పన్నెండున్నరకు, సర్వసభ్య సమావేశం రెండింటికి.