చెత్తకుప్పలో సినిమా తీసినోడు – చచ్చాక అమ్ముడుపోయినోడు

(పల్లె కళాబృందాల కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాళ నేను చెప్పబోయేది మనూరి మనిషి గురించి కాదు. అమెరికాలో పుట్టిన జాక్ స్మిత్ గురించి. 1932లో పుట్టి 1989లో ఎయిడ్స్ జబ్బుతో న్యూయార్క్‌లో చనిపోయాడు. సినిమా తీశాడు, ఫోటోలు తీశాడు, వేషం కట్టాడు. చివరిదాకా పేదోడే.

1962లో ఒక పాత సినిమాహాలు పైకప్పు మీద, కాలం చెల్లిన ఫిల్ముతో, చిల్లర డబ్బులతో ‘ఫ్లేమింగ్ క్రీచర్స్’ తీశాడు. ముప్పావుగంట కూడా లేదది. ఆడవేషం కట్టిన మగవాళ్ళు, బట్టల్లేని ఒళ్ళు, ఆట, అల్లరి. బాగోతాల్లో మగోళ్ళు ఆడవేషం కట్టడం మనకు కొత్త కాదు. అక్కడి సర్కారుకి మాత్రం అది నేరమైంది. 1964 మార్చిలో పోలీసులు ఫిల్ము జప్తు చేసి, ఆడించినవాళ్ళని అరెస్టు చేశారు. కోర్టు బూతన్నది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1968లో ఒక జడ్జిని ప్రధాన న్యాయమూర్తి కానివ్వకుండా అడ్డుకోడానికి సెనేటర్లు ఈ సినిమానే వాడుకున్నారు. తీసినోడికి దక్కిందేంటి? పేరు ఊరంతా, జేబు ఖాళీ. తన సినిమాని వేరేవాళ్ళు తిప్పుకుంటున్నారని బతికినంతకాలం మండిపడ్డాడు.

ఆ తర్వాత ఏ సినిమానీ పూర్తిచేసి వాళ్ళ చేతికివ్వలేదు. తనే ప్రొజెక్టర్ దగ్గర కూచుని, ఆడుతుండగానే ముక్కలు తీసి అతికించేవాడు. ఇయ్యాళ చూసింది రేపుండదు. ఇక ఎవడు జప్తు చేస్తాడు, ఎవడు అమ్ముకుంటాడు? తనుండే చోటే వీధుల్లో పారేసిన సామాను పోగేసి అర్ధరాత్రి నాటకాలాడాడు. అక్కణ్ణించీ ఖాళీ చేయించారు.

అద్దె మీద ఆయన కోపం ఊరికే రాలేదు. ఇంటి ఓనరుని పట్టుగోళ్ళుండే సముద్రపు రొయ్యగా చూపేవాడు. ఎప్పటికీ తీరని అద్దె కడుతూ బతకడమేంటని 1978లో ఒక ఇంటర్వ్యూలో నిలదీశాడు. ఊరి నడిమధ్యన జనం వాడని వస్తువులన్నీ తెచ్చిపెట్టే చోటుండాలి, కావల్సినోళ్ళు తీసుకుపోవాలి అన్నాడు. నవ్వుకోకండి, ఆలోచించండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన వీలునామా రాయకుండా పోయాడు. ఫిల్ములూ కాగితాలూ చెత్తలో కలవకుండా పెన్నీ ఆర్కేడ్ అనే నటి, హోబర్మన్ అనే విమర్శకుడు ఏళ్ళతరబడి కాపాడారు. 2004లో కోర్టు అవన్నీ ఆయన చెల్లెలివేనంది. 2008లో ఒక పెద్ద గ్యాలరీ కొనుక్కుంది. ఫిల్ములు బతికినై, జనం చూస్తున్నారు, అది మేలే. కానీ సొంతాస్తి మీద ఉమ్మినోడి బతుకంతా చివరికి ఒకరి ఆస్తి అయింది! కాపాడినోళ్ళకి హక్కు లేదు. ఎందుకు లేదు? కాగితం లేదు.

మన పాట కట్టినోళ్ళ సంగతేంటి మరి? డప్పు వాయించినోళ్ళ సంగతేంటి? క్యాసెట్ ఒకడు అమ్ముకున్నాడు, పాట ఇంకొకడు సినిమాకిచ్చుకున్నాడు అని ఎన్నాళ్ళు ఏడుద్దాం? కట్టినోళ్ళ పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. నకళ్ళు నాలుగిళ్ళల్లో ఉంచండి. మనిషి బతికుండగానే, ఇది ఎవరి చేతిలో ఉండాలో, ఎవరు అమ్మకూడదో కాగితం మీద పెట్టించండి. ఈ తరగతి అయ్యి ఊరికి పోయినంక మొదటి పని ఇదే.