పెళ్ళయ్యాక పిహెచ్.డి.



ఎం.ఏ., ఎం.ఎస్సీ. ప్యాసై, పట్టా బీరువాలో దాచుకున్న ఇల్లాళ్ళు మా జహీరాబాదులోనూ ఉన్నారు. ‘ఈ వయసులో రీసెర్చేమిటి?’ అనే మాట వాళ్ళకు కొత్త కాదు. పిహెచ్.డి.కి వయోపరిమితి లేదమ్మా! సాధారణంగా 55 శాతం మార్కులుండాలి. ప్రవేశపరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. 2022 నాటి యు.జి.సి. నిబంధనల్లో గడువు 3 నుంచి 6 ఏళ్ళు. స్త్రీలకు అదనంగా 2 ఏళ్ళ సడలింపు ఇవ్వవచ్చు. ప్రసూతికి, పిల్లల పెంపకానికి 240 రోజుల వరకు సెలవు ఉంది. పార్ట్ టైముగానూ చేయవచ్చు.

మరి విషయమో? నాయని కృష్ణకుమారిగారు పల్లెజనం నోట నిలిచిన గేయగాథల మీదే డాక్టరేటు చేశారు. ఇక్కడ పస్తాపూర్ చుట్టుపక్కల ఆడవాళ్ళు కొర్ర, సామ, జొన్న విత్తనాలను బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో దాస్తారు. అది చూసి రాసుకుంటే సేకరణ. బూడిద కలిపితే పురుగెందుకు పట్టదు, ఏడాది తర్వాత ఎన్ని మొలకెత్తాయి అని అడిగి, పరీక్షించి తేలిస్తే పరిశోధన.

కాబట్టి హైదరాబాదు బస్సెక్కే ముందు, మీ ప్రశ్నేమిటో ఒక పేజీలో రాసుకోండి. గైడుగారు మొదట అడిగేది అదే. ఇంట్లోవాళ్ళకు చెప్పవలసిన జవాబూ అదే. సెలవు.