వాగు చోటు వాగుకే

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేండ్లుగా తెలుగు వెలుగులు పంచుతున్న ఈ బడిలో మన నీటిని గురించి నాలుగు మాటలు విన్నవిస్తాను. నంది కొండల సీమలో పుట్టిన పినాకినులు రెండు. ఉత్తర పినాకిని నెల్లూరు వైపు సాగిపోగా, దక్షిణ పినాకిని మన బాగలూరు ప్రాంతాన తమిళనాట అడుగిడి, కెలవరపల్లి, కృష్ణగిరి జలాశయాలను దాటి, కడలూరు వద్ద సముద్రాన్ని చేరుతున్నది.

మన పూర్వులు చెరువులను గొలుసుగా నిర్మించారు. పై చెరువు మరవ పారితే ఆ నీరు వంక వెంబడి క్రింది చెరువుకు చేరుతుంది. చెరువు పూడినా, వంక ఆక్రమణకు లోనైనా నీరు ఇండ్లలోనికి దారి వెదకుకొంటుంది. ఫెంగల్ తుఫాను వలన 2024 డిసెంబరు 2 ఉదయానికి ముగిసిన 24 గంటలలో ఊత్తంగరైలో 50 సెంటీమీటర్ల వాన కురిసినది. ఒక్క ఎకరంపై అది సుమారు 20 లక్షల లీటర్ల నీరు! చెరువు పొంగి, దారి ప్రక్కన నిలిపిన వాహనాలు కొట్టుకొనిపోయినవి.

ఆనకట్ట ఒక్కటే మనకు రక్ష కాదు. 2017 నవంబరు 29న కృష్ణగిరి జలాశయపు తలుపు ఒకటి విరిగి, నిలువ నీరు ఏటి పాలైనది.

వరదను అదుపు చేయడమూ, వాగుకు ప్రాణం పోయడమూ వేర్వేరు పనులు కావు. ఒడ్డున తుంగ, జమ్ము, కానుగ ఉన్నచోట ప్రవాహం నెమ్మదిస్తుంది, నీరు ఇంకుతుంది, ఆ మొక్కల నీడలోనే కొరమీను గుడ్లు పెడుతుంది. యంత్రంతో ఒడ్లను బోడి చేస్తే నీరు ఉరికి దిగువ ఊరిపై పడుతుంది, మన బావులలో ఊట తగ్గుతుంది.

బెంగళూరు మురుగు బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా ఏటిలో కలిసి, కెలవరపల్లి వద్ద నురుగు గుట్టలై తేలడం మనం చూచినదే. దానికి రెండు రాష్ట్రాలూ కలిసి పూనుకొనవలెను. కాని మన వంకలు మన చేతిలోనివి. రెవెన్యూ పటం చూచి వాటి హద్దులు గుర్తింతము. వానకాలానికి ముందే మరవలను, తూములను సరిచూతము. వంకలో పైరు పెట్టిన రైతు మనవాడే. ఆయనను నిందింపక, ఊరంతా కూర్చుండి న్యాయమైన దారి వెదకవలెను.

విద్యార్థులారా! బడిలో ఒక వర్షమాపకం ఉంచి, ప్రతి వానను కొలిచి వ్రాయండి. ఆ లెక్కల పుస్తకం రేపు ఈ ఊరికి పెద్ద దిక్కు కాగలదు.

సెలవు.