కిటికీ మూయకుండానే దోమను ఆపుదాం

మనకు దొరికేది ఆదివారం ఒక్కటే. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోను చేసుకోవాలి. అవన్నీ పక్కనపెట్టి వచ్చారు కాబట్టి పనికొచ్చే మాటే చెప్తాం. జీతాల గురించి, పర్మిట్ల గురించి పెద్దలు మాట్లాడారు. మేము మాట్లాడేది పడకగది కిటికీ గురించి. నవ్వకండి, నిజంగా కిటికీ గురించే.

మేము సైటు సూపర్‌వైజర్లం. పొద్దున్నే హెల్మెట్ చూస్తాం, బెల్టు చూస్తాం, పరంజా బిగింపులు చూస్తాం. కానీ ఆ మనిషికి రాత్రి నిద్ర పట్టిందా అని ఏనాడూ అడగలేదు. ఆ తప్పు మాదే.

మలేషియాలో మేమున్నది పాత దుకాణం పైఅంతస్తు. ఒక గదిలో ఎనిమిది మందిమి. అద్దపు రెక్కల కిటికీలు. దోమలు ఎక్కువయ్యాయని సాయంత్రం కాగానే రెక్కలు మూసి, పైన ప్లాస్టిక్ పట్టా అంటించాం. లోపల దోమల చుట్ట వెలిగించాం. రాత్రి రెండింటికి కూడా చెమట ఆరదు. పొగకు దగ్గు. కొందరు చాపలు తీసుకుని వరండాలోకి పోయేవాళ్లు. తెల్లారి అదే మనిషి నాలుగో అంతస్తు పరంజా ఎక్కాలి.

నైటు డ్యూటీ తమ్ముళ్లు పగలు పడుకునేవారు. ఉక్క భరించలేక కిటికీ తెరిచేవారు. పగలు దోమలుండవు కదా అనుకున్నాం. వాళ్లలో ఒకడికి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు జ్వరం దిగింది. తగ్గిందని డ్యూటీకి వచ్చాడు, మేము సంతోషంగా హాజరు వేశాం. ఆ రాత్రే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం. ఆసుపత్రికి తీసుకుపోతే డెంగీ అన్నారు. వాళ్లమ్మ ఫోను చేసి "బాబూ, వాడు తిన్నాడా?" అని అడిగితే "తిన్నాడమ్మా, పడుకున్నాడు" అని అబద్ధం చెప్పాం. అప్పటికి వాడికి సెలైన్ ఎక్కుతోంది. దేవుడి దయవల్ల బతికి బయటపడ్డాడు. కానీ ఆ అబద్ధం చెప్పినప్పటి మా గొంతు మాకింకా గుర్తుంది.

డెంగీ తెచ్చే ఏడిస్ దోమ ముఖ్యంగా పగటి దోమ. పొద్దెక్కేటప్పుడు, పొద్దుగూకే ముందు ఎక్కువగా కుడుతుంది. మేమేమో రాత్రికి కాపలా కాసి, పగలు తలుపులు బార్లా తెరిచాం. అందుకే నైటు డ్యూటీ వాళ్లకే వల ఎక్కువ అవసరం.

ఆ తర్వాత మేము చేసిన పని ఇది. మీరూ ఒక్క ఆదివారంలో చేసుకోవచ్చు.

ఫైబర్ దోమజాలి తీసుకోండి. అంగుళానికి ఒకవైపు 18, ఇంకోవైపు 16 గళ్లు ఉన్నది చాలు. తుప్పు పట్టదు, కత్తెరతో కోయొచ్చు. అద్దె ఇల్లు కాబట్టి గోడకు మేకులు కొట్టొద్దు, వెల్క్రో టేపు అంటించండి. అంటించేముందు ఫ్రేమును సబ్బునీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. దుమ్ము మీద అంటించిన టేపు వారంలో ఊడిపోతుంది. జాలిని నాలుగువైపులా రెండంగుళాలు ఎక్కువ ఉంచి కోయండి, బిగించాక మిగిలింది కత్తిరించండి. అద్దపు రెక్కల కిటికీకి లోపలి పిడి అడ్డం వస్తుంది. ఆ చోట జాలిని చిన్న తలుపులా కోసి, దానికీ వెల్క్రో పెట్టండి. ఇంకో మాట, కిటికీని ఎప్పటికీ తెరుచుకోకుండా బిగించేయకండి. నిప్పు అంటుకుంటే అదే దారి కావచ్చు. వెల్క్రో అయితే ఒక్క లాగుతో వస్తుంది.

జాలి కంటే సందులు ముఖ్యం. పట్టపగలు తలుపు మూసి, లైటు ఆర్పి గది మధ్యలో నిలబడండి. వెలుగు గీతలా కనబడిన ప్రతిచోటా దోమకు దారి ఉన్నట్టే. మా గదిలో తలుపు కింద వేలెడు సందు, పైపు కన్నం, తలుపు పైన గాలి ఇటుకలు బయటపడ్డాయి. తలుపు కింద రబ్బరు పట్టీ, కన్నానికి సిలికాన్, గాలి ఇటుకలకు జాలి పెట్టాం. గాలి ఇటుకలను మాత్రం పూడ్చొద్దు, వేడిగాలి పోయేది అక్కడినుంచే.

జాలి వేస్తే గాలి కాస్త తగ్గుతుంది, నిజమే. దుమ్ము పడితే ఇంకా తగ్గుతుంది. నెలకోసారి విప్పి మెత్తటి బ్రష్షుతో కడగండి. ఫ్యాను పడక ఎత్తులో పెట్టండి, ఆ గాలికి దోమ సరిగా ఎగరలేదు. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్లు లైటు కోసం వస్తాయి, కాసేపు లైటు ఆర్పితే చాలు. తెల్లలైటు కంటే పసుపు లైటుకు పురుగులు తక్కువ చేరతాయి. పగలు పడుకునేవాళ్లు మంచానికి దోమతెర కూడా కట్టుకుని, అంచులు పరుపు కిందికి దోపుకోండి. ఒళ్లు తెరకు ఆనితే బయటినుంచే కుడుతుంది. నల్లులు మాత్రం కిటికీ లోంచి రావు, పాత పరుపులతో, పెట్టెలతో వస్తాయి. అది వేరే పని.

మూసిన గదిలో దోమల చుట్ట వెలిగించకండి. పొలం మందు తెచ్చి గదిలో కొట్టకండి.

దోమ పుట్టేది మన బకెట్లలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. కాబట్టి వారానికోసారి నీళ్లు పారబోసి, గుడ్లు అంచుకు అంటుకుని ఉంటాయి కాబట్టి రుద్ది కడగాలి. ఫ్రిజ్ వెనక ట్రే, సైటులో టార్పాలిన్ మడతలు, లిఫ్టు గుంట మర్చిపోవద్దు. ఈ దేశంలో 1975 నాటి చట్టం ప్రకారం దోమపిల్లలు దొరికితే జరిమానా పడుతుంది, సైటు కూడా మూయించవచ్చు.

జ్వరం వస్తే పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి బిళ్లలు మింగకండి. జ్వరం దిగిన రోజే కనిపెట్టుకుని ఉండండి. కడుపునొప్పి, వాంతులు, రక్తం కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు.

యజమాని ఇచ్చే వసతికి కార్మిక శాఖ సర్టిఫికెట్ ఉండాలని చట్టం ఉంది, 1990 నాటిది, 2019లో సవరించారు. గది బాగోలేదని అడగడం తప్పు కాదు. ఒక్కడు అడగడానికి భయపడితే గదంతా కలిసి అడగండి. సూపర్‌వైజర్లుగా ఆ మాట ముందు మేమే ఎత్తుతాం.

ఇవాళ గదికి వెళ్లగానే టేపు తీసి కిటికీ కొలవండి. నలుగురు కలిసి వేసుకుంటే ఖర్చు ఎవరికీ బరువు కాదు. ఈసారి అమ్మ ఫోను చేసి "పడుకున్నావా నాయనా?" అని అడిగితే, నిజమే చెప్పగలిగేలా ఉందాం.