మా దస్తర్‌ఖాన్ మీద ఒక శాకాహారి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నేను చదివింది ఉర్దూలో, ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నదీ ఉర్దూలోనే. తెలుగు నాకు బజారులో, బస్సులో, స్టాఫ్ రూములో అబ్బిన భాష. తప్పులు దొర్లితే మన్నించాలి. "విద్య గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టారూ" అన్నారు కార్యదర్శిగారు. విద్య గురించి ఏటా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. నేను ఒక విద్యార్థి గురించి, అతని అన్నం గురించి చెబుతాను. భోజనాలకు ముందు నన్ను నిలబెట్టారు గనుక విషయం సమయానికి తగినదే అనుకుంటున్నాను.

మేముండేది టోలీచౌకీ దగ్గర. రాత్రిపూట డాబా ఎక్కితే హైటెక్ సిటీ దీపాలు కనిపిస్తాయి. నేను డిగ్రీ చదివే రోజుల్లో, 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. మన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమూ, ట్రిపుల్ ఐటీ కూడా అదే సంవత్సరం పుట్టాయి. రెండూ ఇవాళ గచ్చిబౌలిలోనే ఉన్నాయి. అప్పట్లో అటువైపు రాళ్లగుట్టలు, సీతాఫలం చెట్లు. ఇప్పుడు సందు సందుకీ ఒక హాస్టలు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఉంటున్నారు. మా పెద్దవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి స్నేహితుడొకడు గుంటూరు వైపువాడు, మాదాపూర్‌లో హాస్టల్లో ఉంటాడు. శుద్ధ శాకాహారి. గుడ్డు కూడా ముట్టడు.

2014లో కేంద్ర ప్రభుత్వం చేయించిన ఒక సర్వేలో మన తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులేనని తేలింది. అంటే ఇటువంటి పిల్లవాడు వందమందిలో ఒక్కడు. నలుగురిలో తక్కువవాడుగా ఉండడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు గదా!

ఆ అబ్బాయి మొదటిసారి మా ఇంటికి వచ్చింది రంజాన్ పండుగనాడు. కొత్త చొక్కా వేసుకుని, చేతిలో స్వీట్ల డబ్బాతో వచ్చాడు. మా ఇంట్లో బిర్యానీ, షామీ కబాబులు, లుక్మీలు. అందరం కూర్చున్నాక గాని ఇతను ఏమి తింటాడన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నేనే పెద్దరికం తీసుకుని, "ఫరవాలేదు బాబూ, ముక్కలు తీసేసి అన్నం పెడతాం" అన్నాను. చూడండి, పాఠాలు చెప్పే మనిషి అన్న మాట! అతను నవ్వి, "వద్దు సార్, పెరుగు ఉంది కదా, చాలు" అన్నాడు. పెరుగు, ఒక అరటిపండు, రెండు కప్పుల షీర్ ఖుర్మా. షీర్ ఖుర్మాను మూడుసార్లు మెచ్చుకున్నాడు. రుచికి మెచ్చుకున్నాడో, ఆకలికి మెచ్చుకున్నాడో నాకు తెలియదు.

సాయంత్రం మావాడు చెప్పాడు: "అబ్బా, హాస్టలుకు వెళ్తూ దారిలో బండి దగ్గర ఆగి రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాడు." మా ఇంటావిడ ముఖం చిన్నబోయింది. పండుగపూట ఇంటికొచ్చిన మెహ్మాన్ ఆకలితో వెళ్లాడని ఆమెకు రెండు రోజులు మనసు మనసులో లేదు.

నాకు కొంచెం ఆలస్యంగా తట్టింది. దుకాణంలో జెల్లీ మిఠాయి పొట్లం చేతికొస్తే నేను వెనక్కి తిప్పి చదువుతాను. జెలటిన్ ఉందా? ఉంటే ఏ జంతువు ఎముకలది, ఏ తోలుది? తెలియకపోతే పిల్లలు ఏడ్చినా కొనను. ఇంట్లో చైనా గ్రాస్ చేస్తాం, అది సముద్రపు నాచు నుంచి వచ్చేది గనుక బెంగ లేదు. అదే దుకాణంలో అదే పొట్లాన్ని ఆ అబ్బాయీ వెనక్కి తిప్పుతాడు. పచ్చచుక్క కోసం వెతుకుతాడు. కొత్త ఊళ్లో హోటలుకు వెళితే "హలాలేనా?" అని నేను అడగనా? అడిగినప్పుడు సర్వరు విసుక్కుంటే నాకు ఎంత చిన్నతనంగా ఉంటుంది! మరి "గరిట వేరుగా ఉందా?" అని అతను అడిగితే అది చాదస్తం ఎట్లా అవుతుంది?

ఇక్కడ ఒక చేదు విషయం కూడా చెప్పాలి, దాచడం మంచిది కాదు. మళ్లీ పిలుద్దామనగానే మా అమ్మ ఒప్పుకోలేదు. "మన గిన్నెలు వాళ్లకు పనికిరావంటే మనం పిలవడం ఎందుకు?" అంది. ఆమె కోపానికి కారణముంది. కొన్నేళ్ల క్రితం నా బడికి దగ్గరగా ఉంటుందని కొండాపూర్ వైపు ఇల్లు వెతికాం. ఒక ఇంటి ముందు టులెట్ బోర్డు, కింద 'శాకాహారులకు మాత్రమే' అని. మరో ఇంట్లో బోర్డు లేదు. అద్దె కుదిరింది, పేరు చెప్పాక ఆయనకు శాకాహారం గుర్తొచ్చింది. "మేము ఇంట్లో మాంసం వండం, రాసిస్తాం" అన్నా కూడా వినలేదు. మా అమ్మ ఆ రోజు మెట్లమీదే కూర్చుండిపోయింది. ఇలాంటివి ఇక్కడ కూర్చున్నవారిలో చాలామందికి జరిగి ఉంటాయి.

కాబట్టి మా ఇంటావిడ ఒక పని చేసింది. నేరుగా ఆ అబ్బాయికే ఫోన్ చేసింది. "బేటా, నీకు ఇబ్బంది ఏంటో సిగ్గుపడకుండా చెప్పు." అతను కాసేపు నసిగి, "గిన్నె కడిగితే చాలు ఆంటీ. వండేటప్పుడు మాంసం కూరలో పెట్టిన గరిట పెట్టకపోతే చాలు. మీ చేతి వంటకు నాకేం అభ్యంతరం?" అన్నాడు. ఫోన్ స్పీకరులో ఉంది. మా అమ్మ విన్నది. ఏమీ అనలేదు గాని, మర్నాడు చింతపండు తానే నానబెట్టింది.

ఆ ఆదివారం వంట సంగతి చెబుతాను, ఆకలిగా ఉన్నవారు ఓపిక పట్టాలి. బగారా ఖానా: నెయ్యిలో షాజీరా, లవంగం, చెక్క, ఏలకులు, వేయించిన ఉల్లి, పుదీనా, అందులో ముక్క అవసరమే లేదు. ఖట్టీ దాల్, దానికి వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు బఘార్. మిర్చీ కా సాలన్. అన్నిటికీ మించి బగారా బైంగన్: వేరుశనగ, నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి నూరి, చింతపండు పులుసులో లేత వంకాయలు నూనె తేలేదాకా మగ్గించింది. ఇవన్నీ మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నవే. మనమే వాటిని బిర్యానీ పక్కన కూర్చోబెట్టి చిన్నవి చేశాం. ఒక్కటే జాగ్రత్త, దాల్చాలో బొక్కలు వేస్తాం. లుక్మీలు వేగిన నూనెలోనే అప్పడాలూ వేయిస్తాం. అది ముందే చెప్పాలి, వేరే చేయాలి.

ఆ పిల్లవాడు అయిదు వంకాయలు తిన్నాడు! ఆరోది మా చిన్నమ్మాయితో పందెం వేసి తిన్నాడు. వేళ్లు నాకాడు. "మా అమ్మ గుత్తి వంకాయ చేస్తుంది సార్, ఇది దానికి చెల్లెలు" అన్నాడు. మా అమ్మ వెంటనే, "చెల్లెలు కాదు, అక్క" అంది. ఇల్లంతా నవ్వులే.

చివర ఖుబానీ కా మీఠా వచ్చింది, మీద వెండి వరఖ్. దాన్ని చూసి అతను ఆగాడు. చార్మినార్ దగ్గర వరఖ్ కొట్టేవాళ్ల సుత్తి చప్పుడు నేను చిన్నప్పటినుంచీ విన్నదే. పాత పద్ధతిలో వెండిని తోలుపొరల మధ్య పెట్టి కొడతారు. ఇప్పుడు యంత్రాలమీదా వస్తోంది. మాది ఏదో నాకు తెలియదు, తెలియదనే చెప్పాను. వరఖ్ వేయని గిన్నె ఒకటి తెచ్చి ఇచ్చింది మా ఇంటావిడ. రెండోసారి కూడా వేయించుకున్నాడు.

తరువాత ఒకసారి అతని అమ్మానాన్నలు ఊరినుంచి వచ్చారు. ఆ తల్లి మొదట చేతులు ఒళ్లో పెట్టుకుని, బిగుసుకుని కూర్చుంది. మా ఇంటావిడ ఆమెను సరాసరి వంటింట్లోకి తీసుకుపోయి వేరుగా పెట్టిన గిన్నె, గరిట, నూనె చూపించింది. ఇక వంకాయను చీల్చి కూరాలా, ముందు వేయించాలా అని పొయ్యి దగ్గర మొదలైన చర్చ అరగంట సాగింది. మగవాళ్లం ఇవతల కాచుకుని కూర్చున్నాం. అన్నం చల్లారింది. నాకు కోపం వచ్చిన మాట నిజం.

పిల్లలకు ఒక మాట. మీరు పదిమంది కలిసి హోటలుకు వెళ్లి పెద్ద పళ్లెం బిర్యానీ తెప్పించుకుంటారు. బిల్లును పదితో భాగిస్తారు. ఆ పదోవాడు తిన్నది రెండు రొట్టెలు, ఒక పప్పు. మావాడి జట్టులో ఏడాదిపాటు ఇలాగే జరిగిందట. అతను ఒక్కసారీ నోరు తెరవలేదు. లెక్కలు చదివే పిల్లలే మీరంతా!

2023లో బొంబాయి ఐఐటీ హాస్టల్ మెస్సులో కొన్ని బల్లలు శాకాహారులకే అని కేటాయించడం, విద్యార్థులు ఎదురుతిరగడం, జరిమానా దాకా పోవడం పత్రికల్లో చదివాం. గరిట వేరుగా పెడదాం, బల్ల మాత్రం ఒకటే ఉండాలని నా అభిప్రాయం. కాదనేవారు ఉండవచ్చు, భోజనాల దగ్గర మాట్లాడుకుందాం.

ఇవాళ్టి దావత్‌కు వంటవారితో మాట్లాడి రెండు చిన్న దేగ్‌లు వేరే పొయ్యిమీద పెట్టించాను, ఒకటి బగారా ఖానా, ఒకటి ఖట్టీ దాల్. ఎడమచేతివైపు కిటికీ పక్కన ఉన్నాయి. వాటి గరిటల పిడులకు ఆకుపచ్చ గుడ్డ కట్టాం. వడ్డించే కుర్రాళ్లు తొందరలో అవి మార్చకుండా చూడాలి. మా ఇంటావిడ అక్కడే కూర్చుంటుంది, ఏ సందేహమున్నా ఆమెను అడగండి. ఆ అబ్బాయికి పరీక్ష ఉంది, పన్నెండున్నరకు అయిపోతుంది. రాయదుర్గంలో మెట్రో దిగి... కాదు, ఎక్కి వస్తానన్నాడు. అతనికి ఆరు వంకాయలు తీసిపెట్టమని చెప్పాను.